కరపత్రం కదిలించిన జర్మనీ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

16వ శతాబ్దపు జర్మనీలో మతసంస్కర్త మార్టిన్ లూథర్, ఆయన కాలం వాళ్లు రాసిన చిన్న పుస్తకాల గురించి గత సంచికలో ఒక పేజీ వ్యాసం వేశాం. మతం గురించి రాసిన రాతలు ఊరి పాలనలోకి, బడిలోకి, పన్నుల లెక్కలోకి ఎలా దిగాయన్నది అందులో విషయం. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఒకే సంగతి అడిగినవాటిని కలిపి ఇక్కడ జవాబులిస్తున్నాం.

లూథర్ 95 వాదాంశాలున్న కాగితాన్ని చర్చి తలుపుకి మేకు కొట్టి తగిలించాడంటారు. నిజమేనా? అది లాటిన్‌లో ఉంటే మామూలు జనానికి ఎలా తెలిసింది? (విజయవాడ)

తలుపు సంగతి రుజువు కాలేదు. 1517 అక్టోబర్ 31న లూథర్ మైన్జ్ అగ్రపీఠాధిపతి ఆల్బ్రెక్ట్‌కి ఉత్తరం రాసి, దాంతోపాటు వాదాంశాలు పంపాడన్నది మాత్రం ఖాయం. తలుపుకి తగిలించానని లూథర్ ఎక్కడా రాయలేదు. ఆ మాట 1546లో లూథర్ చనిపోయాక ఆయన సహచరుడు మెలాంక్తన్ రాసిన దాంట్లో కనిపిస్తుంది. మెలాంక్తన్ లూథర్ ఉన్న విటెన్‌బర్గ్ ఊరికి వచ్చిందే 1518లో, కాబట్టి ఆయన కళ్లారా చూసింది కాదు. అలాగని కొట్టిపారేయడానికీ లేదు. విశ్వవిద్యాలయంలో వాదం పెట్టదలిస్తే నోటీసు చర్చి తలుపుల మీద అంటించాలన్నది అక్కడి నియమమే.

గొడవకి మూలం పాపవిమోచన పత్రాల అమ్మకం. ఆల్బ్రెక్ట్ ఒకటికి మించి పీఠాలు చేతిలో పెట్టుకోవడానికి రోముకి పెద్ద మొత్తం చెల్లించాల్సి వచ్చి, ఔగ్స్‌బర్గ్‌లోని ఫుగ్గర్ వడ్డీవ్యాపార సంస్థ దగ్గర అప్పు చేశాడు. పత్రాల మీద వచ్చిన రాబడిలో సగం ఆ అప్పుకి, సగం రోములో సెయింట్ పీటర్స్ చర్చి కట్టడానికి. అమ్మకందార్లకి ఇచ్చిన సూచనల్లో ధరల పట్టీ కూడా ఉంది: రాజులు, అగ్రపీఠాధిపతులు 25 గిల్డర్లు (అప్పటి బంగారు నాణేలు), మఠాధిపతులు, ప్రభువులు 10, సంసారమున్న చేతిపనివాళ్లు 1, అంతకన్నా తక్కువవాళ్లు అర. చేతిలో ఏమీ లేనివాళ్లు ఉపవాసంతో, ప్రార్థనతో సరిపెట్టుకోవచ్చు. ఈ పత్రం కొంటే చనిపోయిన తల్లిదండ్రులు కూడా ఉత్తరించు స్థలం (పాపాలు తీరేదాకా ఆత్మలు బాధపడే చోటు) నుంచి విడుదలవుతారని ప్రచారం చేశారు. 95 వాదాంశాల్లో జనానికి సూటిగా తగిలేవి ఈ డబ్బు గురించినవే. పత్రం కొనడం కన్నా బీదవాడికి ఇవ్వడం మేలని 43వది, అంత ధనవంతుడైన పోపు తన డబ్బుతోనే చర్చి కట్టుకోవచ్చు కదా అని 86వది.

ఆ ఏడాది ముగిసేలోగా న్యూరెంబర్గ్, లైప్‌జిగ్, బాసెల్ ఊళ్లలో దాన్ని అచ్చువేశారు. కానీ అది పండితుల మధ్యే తిరిగింది. అసలు కదలిక 1518 వసంతంలో వచ్చింది. అదే విషయాన్ని లూథర్ జర్మన్‌లో, 20 చిన్న పేరాలుగా తిరగరాశాడు. మొత్తం 8 పేజీలు. ఒకడు గొంతెత్తి చదివితే పది నిమిషాల్లో అయిపోతుంది. రెండు మూడేళ్లలో అది 20కి పైగా సార్లు అచ్చయింది. మా దృష్టిలో చరిత్ర మలుపు తిరిగింది తలుపు దగ్గర కాదు, ఈ 8 పేజీల దగ్గర. పండితుల వాదాన్ని బజార్లో చదివి వినిపించే కొలతకి తెచ్చింది ఈ పుస్తకమే.

నేను లెటర్‌ప్రెస్‌లో కంపోజిటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఆ రోజుల్లో అలాంటి పుస్తకం ఎలా అచ్చేసేవాళ్లు? ఎన్ని కాగితాలు పట్టేవి, ఎక్కడ చెడేది? (కరీంనగర్)

మీకు పని తెలుసు కాబట్టి వివరంగానే చెబుతాం.

కరపత్రాల్లో ఎక్కువ భాగం క్వార్టో. ఒక పెద్ద కాగితాన్ని రెండుసార్లు మడిస్తే 4 ఆకులు, 8 పేజీలు. పైన చెప్పిన 1518 పుస్తకానికి ప్రతికి ఒక్క కాగితం చాలు. కాగితానికి ఒక వైపు 1, 4, 5, 8 పేజీలు, రెండో వైపు 2, 3, 6, 7. మధ్య మడతకి తలలు ఎదురెదురుగా వచ్చేలా నాలుగు పేజీలు ఒక చట్రంలో బిగించాలి, దాన్నే ఫారం అంటారు. ఒక పేజీ తలకిందులైతే మడిచాక గాని బయటపడదు. పేజీ నంబర్లు వేయడం అప్పటికి అలవాటు లేదు. అడుగున ఎ, ఎ2, ఎ3 అంటూ ఫారం గుర్తులు వేసేవాళ్లు. మడిచేవాడికి అవే దారి.

అక్షరాలు సీసం, తగరం, ఆంటిమొనీ కలిపి పోసినవి. సిరా అంటే దీపపు మసిని కాచిన అవిసెనూనెలో కలిపిన జిగురు ముద్ద. నీళ్ల సిరా లోహం మీద నిలవదు. కాగితం చింకిగుడ్డల గుజ్జుతో చేసింది. దాన్ని ముందు రాత్రి తడిపి, దొంతరగా పేర్చి, బరువు పెట్టి ఉంచాలి. తడి ఎక్కువైతే అక్షరం ఉబ్బి పాకుతుంది, ఆరిపోతే సిరా పట్టదు. చెక్క ప్రెస్ దగ్గర ఇద్దరు. ఒకడు ఉన్ని కూరిన రెండు తోలుబంతులతో సిరా అద్దుతాడు, రెండోవాడు కాగితం పెట్టి కర్రపిడి లాగుతాడు. నొక్కే పలక చిన్నది, ఫారం మొత్తం ఒక్క దెబ్బలో పడదు. అందుకని సగం నొక్కి, పడకని లోపలికి జరిపి, మిగతా సగం నొక్కాలి. రెండో వైపు వేసేటప్పుడు, మొదటిసారి ముళ్లు గుచ్చిన బెజ్జాల్లోనే కాగితాన్ని మళ్లీ గుచ్చితే వరసలు రెండు వైపులా సరిగ్గా కలుస్తాయి. ఆ తర్వాత తాళ్ల మీద ఆరేయడమే. పచ్చిగా దొంతర పెడితే ఒక పేజీ సిరా ఇంకోదానికి అంటుతుంది. ఇలాంటి చిన్న పుస్తకం వెయ్యి ప్రతుల దాకా అచ్చేయడం మామూలు. చిన్న ప్రెస్‌లో అక్షరాలు తక్కువగా ఉండేవి కాబట్టి, అచ్చయిన ఫారాన్ని విప్పి అక్షరాలు గళ్లలో పంచేదాకా తర్వాతి ఫారానికి దిక్కుండదు. మరోసారి అచ్చేయాలంటే మొత్తం మళ్లీ కూర్చాల్సిందే. ఒకే పుస్తకం రెండు ముద్రణల్లో మాటలు తేడాగా కనిపించడానికి ఇదే కారణం.

ఖర్చులో పెద్ద వాటా కాగితానిది. కాగితం ముందే కొనాలి, డబ్బు అమ్మాక వస్తుంది. వెయ్యి పేజీల లాటిన్ గ్రంథం వేసిన ముద్రాపకుడి పెట్టుబడి ఏళ్ల తరబడి ఇరుక్కుపోతుంది. ఒక కాగితం పుస్తకం వేసినవాడికి వారాల్లో తిరిగొస్తుంది. బైండింగు లేదు, రెండు కుట్లు వేస్తే చాలు, అంగట్లో కోడి కొనేంత డబ్బుకి దొరికేది. మతం మీద ఏమంత ఆసక్తి లేని ప్రెస్‌లు కూడా లూథర్ రాతల కోసం ఎగబడ్డాయంటే ఈ లెక్కే కారణం.

విటెన్‌బర్గ్‌లో మొదట ఉన్న ముద్రాపకుడు రౌ గ్రూనెన్‌బర్గ్ నెమ్మది, పని నాసి. 1521లో లూథర్ ఉత్తరాల్లో అతని అచ్చు గురించి చాలా విసుక్కున్నాడు. అప్పటికే లైప్‌జిగ్ నుంచి మెల్కియోర్ లోటర్‌ని రప్పించి విటెన్‌బర్గ్‌లో శాఖ పెట్టించారు. 1520 ఆగస్టులో అతను జర్మన్ ప్రభువుల్ని ఉద్దేశించిన లూథర్ పుస్తకాన్ని తొలి విడతలోనే 4,000 ప్రతులు వేశాడు. అవి రోజుల్లో అయిపోయాయి. ముఖపత్రానికి చిత్రకారుడు లూకాస్ క్రానాక్ చెక్కబ్లాకుతో అంచు బొమ్మలు చేసేవాడు. నడుమ ఖాళీలో పుస్తకం పేరు మారుస్తూ పోతే అదే బ్లాకు పదేసి పుస్తకాలకి పనికొచ్చేది. దూరం నుంచి చూసినా ఇది విటెన్‌బర్గ్ సరుకని తెలిసిపోయేది.

దొంగ ముద్రణలు విపరీతం. ఔగ్స్‌బర్గ్‌లో అచ్చేసి ముఖం మీద పెద్ద అక్షరాలతో విటెన్‌బర్గ్ అని వేసేవాళ్లు. 1524లో లూథర్ తన అసలు ప్రతులకి రెండు గుర్తులు వేయించాడు, జెండా పట్టిన గొర్రెపిల్ల ఒకటి, గులాబీ ఒకటి. ఆ మరుసటేడే ప్రెస్‌లోంచి దొంగిలించిన రాతప్రతి న్యూరెంబర్గ్‌లో ముందుగా అచ్చయిపోయింది. కాపీహక్కు చట్టం లేని కాలంలో ఆయన చేయగలిగింది ఆ ఊరి పాలక మండలికి ఫిర్యాదు ఉత్తరం రాయడమే.

పల్లెల్లో చదవడం వచ్చినవాళ్లే లేనప్పుడు ఈ పుస్తకాలతో ఏం లాభం? ఆడవాళ్లు ఎవరైనా రాశారా? (శ్రీకాకుళం)

చదవగలిగేది ఒక్కడైనా వినేది పాతికమంది. సత్రంలో, సంతలో, చర్చి ముంగిట ఒకడు చదువుతుంటే మిగతావాళ్లు మధ్యలో ఆపి అడిగేవాళ్లు. అందుకే చాలా పుస్తకాలు ఇద్దరి సంభాషణగా రాశారు, రైతు ఒకడు, గురువు ఒకడు. 1521లో క్రానాక్ బొమ్మలతో 13 జతల పుస్తకం ఒకటి వచ్చింది. ఎడమ పేజీలో క్రీస్తు శిష్యుల కాళ్లు కడుగుతుంటాడు, కుడి పేజీలో పోపు తన కాళ్లు ముద్దు పెట్టించుకుంటుంటాడు. అక్షరం రాకపోయినా విషయం తెలుస్తుంది. పాటలు మరీ వేగంగా పాకాయి. 1524లో న్యూరెంబర్గ్‌లో వచ్చిన మొదటి చిన్న పాటల పుస్తకంలో ఉన్నవి 8 పాటలే.

ఆడవాళ్లు రాశారు. వాళ్లలో బాగా చదివించింది బవేరియాకి చెందిన ఆర్గులా ఫాన్ గ్రుంబాక్. 1523లో ఇంగొల్‌స్టాట్ విశ్వవిద్యాలయం లూథర్ బోధలు పట్టుకున్న ఒక కుర్ర అధ్యాపకుణ్ని నిర్బంధించి, బలవంతంగా ఆ మాటలు వెనక్కి తీయించింది. ఆమె పండితులకి బహిరంగంగా ఉత్తరం రాసింది: నాకు లాటిన్ రాదు, జర్మన్ వచ్చు, బైబిలు చూపించి అతని తప్పేమిటో చెప్పండి, వాదానికి నేను వస్తాను అన్నది దాని సారాంశం. ఆ ఉత్తరం 14 సార్లు అచ్చయింది. విశ్వవిద్యాలయం ఆమెకి జవాబే ఇవ్వలేదు. ఆమె భర్తకి ఉన్న ప్రభుత్వ ఉద్యోగం మాత్రం ఊడింది.

నిషేధాలు లేవా? ప్రభుత్వం ఊరుకుందా? (హైదరాబాద్)

ఊరుకోలేదు. 1521లో చక్రవర్తి వార్మ్స్ నగరంలో వెలువరించిన శాసనం లూథర్ పుస్తకాలు అచ్చేయడం, అమ్మడం, చదవడం అన్నీ నేరమంది. కానీ శాసనం అమలు చేయాల్సింది ఎక్కడికక్కడి ప్రభువులు. శాక్సనీ 1485 నుంచి రెండు ముక్కలు. విటెన్‌బర్గ్ ఉన్న ముక్కకి ఎలెక్టర్ (చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్న ప్రభువు) ఫ్రెడరిక్ పాలకుడు, ఆయన లూథర్‌ని కాపాడాడు. లైప్‌జిగ్ ఉన్న ముక్క జార్జ్ ప్రభువుది, ఆయన నిషేధం నిక్కచ్చిగా అమలుచేశాడు. ఫలితం 1524 నాటికి లైప్‌జిగ్ ముద్రాపకుల మొరలో కనిపిస్తుంది: అమ్ముడుపోయేది అచ్చేయనివ్వరు, అచ్చేయమన్నది ఊరికే ఇచ్చినా ఎవరూ తీసుకోరు, మేం ఇల్లూవాకిలీ పోగొట్టుకుంటున్నాం అని.

లూథర్ అనువదించిన జర్మన్ కొత్త నిబంధన 1522 సెప్టెంబరులో వచ్చినప్పుడు జార్జ్, ప్రతులు తెచ్చిచ్చినవాళ్లకి డబ్బు వాపసు ఇస్తానన్నాడు. చాలా కొద్దిమందే ఇచ్చారు. తర్వాత తన ఆస్థానంలోని ఎమ్సర్ చేత 1527లో పోటీ అనువాదం తెప్పించాడు. అందులో చాలా భాగం లూథర్ వాక్యాలే, కొన్ని చోట్ల దిద్దినవి.

శిక్షలు ఘోరంగానే ఉండేవి. అన్ని ఆస్తులూ ఉమ్మడిగా ఉండే సమాజం గురించిన కరపత్రం అమ్మినందుకు హాన్స్ హెర్గోట్ అనే ముద్రాపకుణ్ని 1527 మేలో లైప్‌జిగ్‌లో తల నరికారు. అందుకే ఎన్నో పుస్తకాల మీద అచ్చేసినవాడి పేరు, ఊరు ఉండవు.

మతపుస్తకం వల్ల ఊరి పాలన నిజంగా మారిందనడానికి ఒక్క ఉదాహరణ, కాగితం మీద కాకుండా చేతల్లో, చెప్పగలరా? (అనంతపురం)

లైస్నిగ్ ఊరి ఉమ్మడి పెట్టె. 1523లో శాక్సనీలోని ఈ చిన్న ఊరివాళ్లు తమ సంఘానికి ఒక నిబంధనావళి రాసుకున్నారు. లూథర్ దానికి ముందుమాట రాసి అచ్చేయించాడు. చదివితే పంచాయతీ బడ్జెట్ చదివినట్టే ఉంటుంది, అందుకే కాస్త ఆగి చెబుతాం.

చర్చిలో ఒక పెట్టె. దానికి నాలుగు వేర్వేరు తాళాలు. ఒక చెవి ప్రభువర్గం దగ్గర, ఒకటి పట్టణ పాలక మండలి దగ్గర, ఒకటి పట్టణ ప్రజల దగ్గర, ఒకటి చుట్టుపట్ల రైతుల దగ్గర. నలుగురూ వస్తే తప్ప తెరుచుకోదు. నడిపేది పదిమంది: ప్రభువర్గం నుంచి ఇద్దరు, మండలి నుంచి ఇద్దరు, పట్టణ ప్రజల నుంచి ముగ్గురు, రైతుల నుంచి ముగ్గురు. ప్రతి ఆదివారం 11 గంటల నుంచి 2 గంటల దాకా కూర్చోవాలి. లెక్కలకి మూడు పుస్తకాలు, ఆస్తులూ దస్తావేజులూ ఒకదాంట్లో, తీర్మానాలు ఒకదాంట్లో, ఏటి జమాఖర్చులు ఒకదాంట్లో. ఏడాదికోసారి జనవరిలో ఊరందరినీ పిలిచి లెక్క అప్పజెప్పాలి.

రాబడి పాత చర్చి మాన్యాలు, ఆత్మశాంతి పూజలకని రాసిచ్చిన ఆస్తులు, భక్తబృందాల నిధులు, కానుకల నుంచి. డబ్బుగా ఇవ్వలేనివాళ్ల కోసం చర్చిలో గాదెలు పెట్టారు, రొట్టె, జున్ను, గుడ్లు, మాంసం అందులో వేయొచ్చు. చాలకపోతే ఇంటింటికీ పన్ను వేసుకోవచ్చు. ఖర్చుల పట్టీలో పాస్టరు, మగపిల్లలకి ఒక ఉపాధ్యాయుడు, 12 ఏళ్లలోపు ఆడపిల్లలకి ఒక ఉపాధ్యాయురాలు, వృద్ధులు, అనాథలు, పని లేక చితికిన చేతిపనివాళ్లకి అప్పు, కట్టడాల మరమ్మతు, కరువుకి ధాన్యం నిల్వ ఉన్నాయి. ఇంటింటా బిచ్చమెత్తడం నిషేధం, బిచ్చమెత్తే సన్యాసులకి కూడా.

దేవుడి మెప్పు కోసం దానం చేయక్కర్లేదు, పొరుగువాడి అవసరం కోసం చేయాలి అన్న బోధ ఉంది చూశారా, అది ఈ నిబంధనావళిలో తాళంచెవిగా, ఖాతాపుస్తకంగా మారింది. పుణ్యం కోసం ఇచ్చిన డబ్బు ఇచ్చినవాడి ఇష్టం. సంఘం ఆకలి తీర్చడానికి ఇచ్చిన డబ్బుకి లెక్క చెప్పాలి. ఆ తేడాయే ఈ కాగితాన్ని విలువైనదిగా చేసింది.

అమలులో దెబ్బతిన్నది ఎక్కడంటే మొదటి మెట్టులోనే. మాన్యాలు పట్టణ మండలి అధీనంలో ఉన్నాయి. పెట్టెకి అప్పగించడానికి మండలి ఒప్పుకోలేదు. రాబడి రాకుండానే ఖర్చుల బాధ్యత మీదపడింది, పాస్టరుకి జీతం కరువైంది. అన్నిటికన్నా ముందు మొదలైన ఊరే చెడ్డ ఉదాహరణ అవుతోందని 1524లో లూథర్ బాధపడ్డాడు. ఏళ్లు గడిచి ఎలెక్టర్ ప్రభుత్వం కలగజేసుకున్నాక గాని వ్యవహారం కుదుటపడలేదు. ఆస్తి బదిలీ ముందు పూర్తిచేయకుండా సేవలు ప్రకటిస్తే ఏమవుతుందో ఇది చూపిస్తుంది. అయినా ఈ నమూనా చేతికందాక తర్వాతి పట్టణాలు తమ ఉమ్మడి పెట్టెల నిబంధనలు రాసుకోవడం తేలికైంది.

చదువు విషయంలో 1524లో లూథర్ జర్మనీ పట్టణ మండళ్లన్నిటికీ రాసిన పుస్తకం మరో మంచి సాక్ష్యం. ఏటేటా తుపాకులకి, రోడ్లకి, వంతెనలకి, కట్టలకి ఖర్చు పెడుతున్నారే, ఒకరిద్దరు బడిపంతుళ్లకి అంతే ఎందుకు పెట్టరు అని నిలదీశాడు. మగపిల్లలు రోజుకి ఒకటి రెండు గంటలు, ఆడపిల్లలు ఒక గంట బడికి వచ్చి, మిగతా పొద్దు ఇంటి పనో చేతిపనో నేర్చుకోవచ్చన్నాడు. గ్రంథాలయాలు పెట్టమన్నాడు. ఆ ఏడే మాగ్డెబర్గ్‌లో, 1526లో న్యూరెంబర్గ్‌లో కొత్త బడులు తెరిచారు.

రైతుల తిరుగుబాటుని లూథరే రేపి, లూథరే అణచమన్నాడంటారు. అందులో ఎంత నిజం? (వరంగల్)

1525 మార్చిలో దక్షిణ జర్మనీ మెమ్మింగెన్‌లో రైతు దళాలు 12 డిమాండ్లతో ఒక కరపత్రం తెచ్చాయి. రాతలో పెద్ద చేయి సెబాస్టియన్ లోట్సర్ అనే తోలువస్త్రాల పనివాడిది. బోధకుడు షాప్పెలర్ కూడా పాలుపంచుకున్నాడు. రెండు నెలల్లో 25 ముద్రణలు. పాస్టరుని ఎన్నుకునే హక్కు, తీసేసే హక్కు సంఘానిదే అన్నది మొదటి డిమాండు. ధాన్యం మీద దశమభాగం ఇస్తాం, అందులోంచి పాస్టరు జీతం పోగా మిగిలింది ఊరి బీదలకి చెందాలి, పశువుల మీద దశమభాగం మాత్రం ఇవ్వం అన్నది రెండోది. క్రీస్తు అందరినీ విడిపించాడు కాబట్టి మనిషికి మనిషి సొత్తు కాకూడదన్నది మూడోది. అక్కణ్నుంచి వేట, ఏట్లో చేపలు, అడవి కట్టెలు, వెట్టి, కౌలు, జరిమానాలు, ప్రభువులు కలిపేసుకున్న ఊరుమ్మడి బీళ్లు. 11వది మరణపన్ను. ఇంటిపెద్ద చనిపోతే మంచి పశువునో బట్టనో ప్రభువు తీసుకుపోయేవాడు. అది రద్దు కావాలన్నారు. 12వది: వీటిలో ఏదైనా బైబిలు వాక్యానికి విరుద్ధమని చూపిస్తే దాన్ని వదులుకుంటాం.

పేజీ అంచుల్లో డిమాండ్ల పక్కన బైబిలు అధ్యాయాల సంఖ్యలు ఉంటాయి. ఆ అంచుల్లోనే దీని బలమంతా ఉంది. అంతకుముందు రైతు అడిగింది పాత ఆచారం పేరు చెప్పి, అందువల్ల ఒక ఊరి డిమాండు ఇంకో ఊరికి పనికిరాలేదు. బైబిలు పేరు చెప్పి అడిగాక అది అన్ని ఊళ్లదీ అయింది.

ఏప్రిల్‌లో లూథర్ జవాబు రాశాడు. అందులో మొదటి దెబ్బ ప్రభువులకే, ఈ తిరుగుబాటుకి కారణం మీ దోపిడీ అని. తర్వాత రైతుల్ని మందలించాడు, సువార్త పేరుతో కత్తి పట్టవద్దని. ఇంతలో వైన్స్‌బర్గ్‌లో రైతులు ప్రభువర్గం వాళ్లని చంపిన వార్త పాకింది, హింస ఆయన ఉన్న ప్రాంతానికీ వచ్చింది. మే మొదట్లో రెండో పుస్తకం రాశాడు: తిరుగుబాటుదార్లని పొడిచి, కొట్టి, చంపమని. అది జనంలోకి వచ్చేసరికి మే 15న ఫ్రాంకెన్‌హౌసెన్ దగ్గర రైతులు ఊచకోతకి గురవుతున్నారు. మొదటి జవాబుతో కలిపి చదవాల్సిన దాన్ని ప్రెస్‌లు విడిగా అచ్చేసి అమ్మాయి. అప్పుడది ప్రభువుల చేతిలో ఆయుధమే. మొత్తం తిరుగుబాటులో చనిపోయినవాళ్లు 70 వేల నుంచి లక్ష అని చరిత్రకారుల అంచనా.

తిరుగుబాటు ఆయన రేపాడనడం సరికాదు. వెట్టి మీద, పన్నుల మీద గొడవలు ఆయన పుట్టకముందు నుంచీ ఉన్నాయి. కానీ రెండో పుస్తకాన్ని ప్రచురణ సమయం పేరు చెప్పి మేం సమర్థించం. జూలైలో స్నేహితులే తప్పుపట్టినప్పుడు కూడా ఆయన ఆ మాటలు వెనక్కి తీసుకోలేదు. 1543లో యూదుల మీద రాసిన పుస్తకం ఇంకా దారుణం. వాళ్ల ప్రార్థనామందిరాలు, ఇళ్లు తగలబెట్టమని ఉంది. 20వ శతాబ్దంలో నాజీలు దాన్ని వాడుకున్నారు. 1994లో అమెరికాలోని అతిపెద్ద లూథరన్ సంఘం ఆ రాతల్ని బహిరంగంగా తిరస్కరించింది. ఉమ్మడి పెట్టె గురించి చెప్పేవాళ్లు ఇది కూడా చెప్పితీరాలి.

మాది గుంటూరు, లూథరన్ సంఘం. మాకు ఈ చరిత్రతో సంబంధం ఎక్కడ మొదలైంది? (గుంటూరు)

మీ సంఘం కన్నా చాలా ముందే, జర్మనీలోని హాలె పట్టణంలో, లూథర్ రాసిన ఒక చిన్న పుస్తకం తెలుగు అచ్చుతో. 1528లో శాక్సనీ ఊళ్లు తిరిగి చూసిన లూథర్, జనానికి మత పాఠాలేవీ రావని, చాలామంది పాస్టర్లకి బోధించడం చేతకాదని గుర్తించి 1529లో చిన్న కేటకిజం (ప్రశ్న జవాబుల మతపాఠం) రాశాడు. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం. ఒక్కోదాని తర్వాత 'దీని అర్థమేమి' అన్న ప్రశ్న, ఇంటిపెద్ద చెప్పించాల్సిన జవాబు. మొదట గోడకి తగిలించే పెద్ద కాగితాలుగా వచ్చింది, పుస్తకం తర్వాత.

హాలె నుంచి వచ్చిన బెంజమిన్ షుల్జ్ 1728లో మద్రాసులో పని మొదలుపెట్టి, తెలుగు నేర్చుకుని, బైబిలు అనువదించాడు. ఆ అనువాదం అచ్చుకి నోచుకోలేదు. కానీ ఆయన తిరిగి వెళ్లాక 1740లలో హాలెలో తెలుగు అక్షరాలు పోయించి చిన్న పుస్తకాలు అచ్చేయించాడు. వాటిలో కేటకిజం ఒకటి. తెలుగులో తొలి అచ్చుపుస్తకాలుగా లెక్కకొచ్చేవి ఇవే. మీ గుంటూరుకి అమెరికన్ లూథరన్ మిషనరీ హేయర్ వచ్చింది 1842 జూలై 31న, ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఏర్పడింది 1927లో.

ఆ కరపత్రాలు ఇంటర్నెట్‌లో చూడొచ్చా? చూసి ఏమి గుర్తుపట్టాలి? (అట్లాంటా నుంచి ఒక పరిశోధక విద్యార్థిని)

16వ శతాబ్దపు జర్మన్ ముద్రణల జాబితా వీడీ 16 పేరుతో ఉంది. మ్యూనిక్‌లోని బవేరియా రాజ్య గ్రంథాలయం చాలా ప్రతుల్ని ఉచితంగా చూడనిస్తుంది. వీడీ 16 నంబరుతో వెతకండి, శీర్షికతో వెతికితే స్పెల్లింగు తేడాలు చంపుతాయి.

ముందు చివరి పేజీ తెరవండి, ఊరు, పేరు, తేదీ ఉంటే అక్కడే ఉంటాయి. ముఖం మీద విటెన్‌బర్గ్ ఉన్నంత మాత్రాన నమ్మొద్దు. తర్వాత ఫారం గుర్తులు లెక్కపెట్టి ఆకులు సరిపోయాయో లేదో చూడండి. ఖాళీ ఆకు ఊడిపోవడం మామూలే. చదివేటప్పుడు కామా చోట ఏటవాలు గీత ఉంటుంది, అచ్చు (హల్లు కాని స్వరాక్షరం) మీద చిన్న గీత ఉంటే అక్కడ 'న' గాని 'మ' గాని మింగేశారని అర్థం, పదం మొదట 'వి' ఆకారం కనిపిస్తే అది చాలాసార్లు 'యు'. అంచు బొమ్మ అసలుదానికి అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటే అది ఇంకెవరో చూసి చెక్కిన నకలు. అదే బ్లాకు రెండు పుస్తకాల్లో కనిపిస్తే పగుళ్లు పోల్చండి, పగులు పెద్దదైన ప్రతి తర్వాతిది. గ్రంథాలయంలో అసలు ప్రతి చేతికిస్తే కాగితం వెలుగుకి పెట్టి చూడండి. క్వార్టో అయితే నీటిగుర్తు వెన్నుమడతలో పడుతుంది, కాగితం చేసిన జల్లెడ తీగల వల్ల పడి, దూరదూరంగా ఉండే గీతలు అడ్డంగా పోతాయి. గీతలు నిలువుగా ఉంటే ఆ ఆకు వేరే పుస్తకానిది అయ్యుండొచ్చు. అప్పుడు దాని అక్షరాల్ని పక్క ఆకుతో పోల్చి, గ్రంథాలయం వాళ్లకి చెప్పండి.